పంతొమ్మిది తెరలు, ఒక్క పాచిక

సెప్టెంబరు 8, సోమవారం
హాస్టలు, మధ్యాహ్నం

అక్కకు,

నమస్కారాలు. నువ్వు క్షేమమని తలుస్తాను. బావ క్షేమమని నువ్వు చెబితే నమ్ముతాను. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. నా నోటి పుణ్యమా అని మరో పంతొమ్మిది మంది క్షేమం మాత్రం గురువారం దాకా తేలదు.

ఫోను చేయకుండా ఉత్తరం రాయడం నీ శాసనం ప్రకారమే. ఫోనులో అయితే నీ వాక్యం క్రియాపదం చేరకముందే నేను ఖండిస్తానన్నావు. ఆరోపణ నిరాధారం. అయినా శిరసావహించి, ఉత్తరాన్ని ఉత్తరంలాగే రాసి మెయిల్లో పంపుతున్నాను. డ్రైవింగు పాఠానికీ పాఠానికీ మధ్య చదువుకో. స్టీరింగు విద్యార్థి చేతిలో ఉండగా మాత్రం చదవకు.

జరిగినది చెబుతాను. ఈ ఉదయం మా విభాగం సమావేశం. చివరి సంవత్సరం విద్యార్థుల ప్రతినిధిగా నాకక్కడ ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీకి మాట్లాడే హక్కు ఉందే తప్ప ఓటు లేదు. అన్ని అంశాలూ అయిపోయి అందరూ వాచీలు చూసుకుంటున్న వేళ, హెడ్ మేడమ్ ఒక కాగితం తీశారు. నిరుడు ప్రోగ్రామింగు పరిచయం కోర్సులో తప్పి, ఈ ఏడు మళ్ళీ చేరిన పంతొమ్మిది మంది జాబితా అది. వాళ్ళను ఈ డిగ్రీలోంచి తీసి, కార్యాలయ నిర్వహణ డిప్లొమాకు మార్చాలని ప్రతిపాదన. కింద సంతకం ఒక్కటే తక్కువ. ఇది వాళ్ళ మంచికే, రెండోసారి కూడా తప్పితే రెండేళ్ళు బూడిదలో పోసిన పన్నీరేగా అన్నారు మేడమ్. అందరూ తలలు ఊపారు. అలా ఊపడంలో మా అధ్యాపకులకు మంచి సాధన ఉంది.

నేను లేచాను. వాళ్ళు తప్పలేదు, మనం తప్పించామన్నాను. ఏడాది పొడవునా ట్యుటోరియల్ పేరిట జరిగింది బోర్డు మీది అక్షరాలను తెర మీదికి మోయడమేనని, ఈత నేర్పుతామని చేర్చుకుని, ఒడ్డున కూర్చోబెట్టి నీటి గుణాలు రాయించి, చివర నదిలోకి తోసి, మునిగాడు గనుక వీడు ఈతకు పనికిరాడని తేల్చడం ఏ న్యాయమని అడిగాను. బల్ల చివర ఇద్దరు నవ్వారు. ఆ నవ్వును గెలుపు కింద జమకట్టుకుని, కూర్చోవలసిన చోట కూర్చోకుండా మరో మూడు నిమిషాలు మాట్లాడాను.

మేడమ్ వాదించలేదక్కా. కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరేనమ్మా, పాఠం నువ్వే చెప్పు అన్నారు. గురువారం రెండింటికి ల్యాబు ఖాళీగా ఉంది, గంట నీదే, ఆ పంతొమ్మిది మందినే కూర్చోబెట్టుకో, ఆ గంటలో వాళ్ళంతట వాళ్ళు ఒక్క పని, చిన్నదైనా సరే, బోర్డు చూడకుండా చేసి చూపిస్తే ఈ కాగితం పక్కన పడేస్తా, సెమిస్టరంతా ట్యుటోరియల్ నీ చేతికే ఇస్తా, లేదంటే శుక్రవారం సాయంత్రం సంతకం పెడతా, నేను వెనక బెంచీలో కూర్చుంటాను గానీ నోరు మెదపను అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. సమావేశం ముగిసింది.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది మూడు రోజులని అమ్మతో చెప్పాను. నీతో నిజం చెబుతాను. నా సొంత తరగతులు, రేపు ఇవ్వవలసిన ప్రాజెక్టు నివేదిక, బుధవారం సాయంత్రం కాలేజీల మధ్య వక్తృత్వ పోటీ తీసేస్తే మిగిలేది ఐదున్నర గంటలు. జీవితంలో ఇంతవరకు నేను ఒక్కరికి కూడా ఒక్క పాఠమూ చెప్పలేదు. ఓడించడం తెలుసు. నేర్పడం దానికి దగ్గరి చుట్టమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బహుశా ముఖపరిచయం కూడా లేదేమో.

అయినా అప్పుడే ప్రణాళిక గీశాను. మొదటి పది నిమిషాలు గణన యంత్రాల చరిత్ర. తరువాత భాష అంటే ఏమిటి, యంత్రానికి ఎందుకు కావాలి. ఆపైన చరరాశులు, షరతులు, ఆవృత్తులు, ప్రమేయాలు. ముప్పయ్యొక్క అంశాలు వచ్చాయి. ఒక్కోదానికి రెండు నిమిషాల చొప్పున చూస్తే రెండు నిమిషాలు ఎక్కువవుతాయి. వేగంగా మాట్లాడితే సరిపోతుంది.

స్టీరింగు ముందు జీవితంలో మొదటిసారి కూర్చున్న మనిషికి నువ్వు ముందుగా ఏం చెబుతావు? ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

అభ్యంతరాలతో సహా విధేయురాలైన,
చెల్లి


సెప్టెంబరు 10, బుధవారం
ల్యాబు బయటి వరండా, ఉదయం

అక్కకు,

వందనాలు. నీ జవాబు అందింది. నాలుగే వాక్యాలు రాశావు. ఒక్కటీ తేనె పూసింది కాదు. మొదటి రోజే గేరుబాక్సు విప్పి చూపించే మనిషి దగ్గర ఎవరూ బండి నేర్చుకోరన్నావు. బండి పది గజాలు కదిలితే చాలు, మర్నాడు వాళ్ళే వస్తారన్నావు. నీ పక్క కూడా బ్రేకు ఉందన్న సంగతి వాళ్ళకు పదే పదే గుర్తుచేయవద్దన్నావు. చివరగా, వాళ్ళెందుకు తప్పారో మీ మీటింగులో అంత గొంతు చించుకున్నావే, వాళ్ళను అడిగావా అన్నావు.

మూడు ఖండనలు రాసి, మూడూ చెరిపేసి, నిన్న మధ్యాహ్నం వరండాలోకి వెళ్ళి అడిగాను. అక్కా, నేనిన్నాళ్ళూ వాళ్ళ తరఫున వాదించాను గానీ, వాళ్ళు నాకు ఒక సంఖ్య మాత్రమేనని అప్పుడు తెలిసింది.

మొదట దొరికినవాడు పొడుగాటి కుర్రాడు. బోర్డు మీద పంతులుగారు వరుసకొక అంకె వేసి రాస్తే, వీడు ఆ అంకెలను కూడా ప్రోగ్రాములో ఎక్కించాడట. మూడు నెలలు ఒక్కటీ నడవలేదు. అంకెలెందుకు కొట్టావయ్యా అంటే, ఉన్నది ఉన్నట్టు ఎక్కించమన్నారు, మీరైనా అదే చేసేవారు కదా అన్నాడు. నేను ఆలోచించాను. అదే చేసేదాన్ని. రెండోవాడు పద్నాలుగు ప్రోగ్రాములు కంఠస్థం చేశాడు. తడుముకోకుండా అప్పజెబుతాడు, నిలబెట్టి చెప్పించుకున్నాను కూడా. పరీక్షలో పదిహేనోది వచ్చింది.

మూడో ఆయనకు నలభై దాటి ఉంటాయి. బస్సులు ఆగేచోట గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. తరగతులు అయిపోగానే కొట్టు. క్లాసులో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఆయన నన్నొకటి అడిగాడు. గడియారం ఆగితే మూత తీస్తానమ్మా, పళ్ళచక్రం ఎక్కడ పట్టేసిందో కంటికి కనబడుతుంది, మరి దీనికి మూత ఎక్కడుంటుంది అన్నాడు. నేను నాలుగు నిమిషాలు చెప్పాను. ఉపమానాలు కూడా వాడాను. ఆయన మర్యాదగా చివరిదాకా విని, అంటే మూత లేదన్నమాట అని లేచి వెళ్ళిపోయాడు. నిన్నటినుంచీ నేను ఆ ప్రశ్ననే నములుతున్నాను. దానికి మూత ఎక్కడుంటుంది? మూడేళ్ళుగా ఈ చదువు చదువుతూ నేనెందుకు అడగలేదు?

కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల ఉంది. నోట్సు అంచుల నిండా పిల్లి బొమ్మలు. ఎందుకు తప్పావమ్మా అంటే, సార్ చెప్పేది వినబడుతుందక్కా, కానీ అప్పటికి నా బుర్ర ఇంకోచోట ఉంటుంది అంది. ఎక్కడ ఉంటుంది అన్నాను. సార్ చెప్పినట్టు చెయ్యకపోతే ఏమవుతుందా అని చూస్తూ ఉంటుంది అంది. సిగ్గుపడుతూ చెప్పింది, దొంగతనం ఒప్పుకున్నట్టు.

అందుకని ముప్పయ్యొక్క అంశాల కాగితం చింపేశాను. మిగిలిన మూడున్నర గంటల్లో తయారుచేసింది ఇంతే: మూడు వరసల ప్రోగ్రాము. పాచిక వేయడం. ప్రోగ్రాము రాసే భాషతోపాటే ఎవరెవరో ముందే తయారుచేసి ఉంచిన పనిముట్ల పెట్టెలు కొన్ని వస్తాయి. అందులో ఒక పెట్టె పేరు 'రాండమ్'. దాని పని గుడ్డిగా ఏదో ఒక అంకె తీసి ఇవ్వడం. మొదటి వరస ఆ పెట్టెను రమ్మంటుంది. రెండో వరస ఒకటి నుంచి ఆరు లోపు ఒక అంకె అడుగుతుంది. మూడో వరస దాన్ని తెర మీద చూపిస్తుంది. అంతే. నడిపినప్పుడల్లా వేరే అంకె. ఆ తరువాత ఆరు స్థానంలో వంద పెట్టండి, సున్నా పెట్టండి, ఒకటి కంటే చిన్నది పెట్టండి, ఏమవుతుందో ముందు ఊహించి, తరువాత చూడండి అంటాను. నా చీటీలో ఇప్పుడు సమాధానాలు లేవు, అన్నీ ప్రశ్నలే. నా చేతి రాతలో ఇన్ని ప్రశ్నార్థకాలు చూసి నాకే కొత్తగా ఉంది.

నా కంప్యూటర్లో నాలుగుసార్లు నడిపి చూశాను. ఫైలుకు 'చివరిది' అని పేరు పెట్టాను, తరువాతదానికి 'నిజంగా చివరిది' అని. నాలుగుసార్లూ పాచిక పడింది. ఇది నీ పది గజాలే కదా? ఇంతకంటే తగ్గించితే బండి తాళంచెవి మాత్రమే మిగులుతుంది.

సాయంత్రం పోటీ ఉంది, వెళ్ళాలి. ఈసారి విషయం 'మౌనం అంగీకారమే'. నేను వ్యతిరేక పక్షం.

ప్రశ్నలతో,
చెల్లి


సెప్టెంబరు 12, శుక్రవారం
హాస్టలు, మధ్యాహ్నం

అక్కకు,

విజయోత్సాహంతో కూడిన ప్రణామాలు. నిన్న నువ్వు మూడుసార్లు ఫోను చేశావని తెలుసు. ఎత్తలేదు. ఉత్తరమే రాయమన్నది నువ్వే కదా. చట్టం చేసినవాళ్ళే దాన్ని పాటించాలి.

ముందే ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. నిన్నటి పాఠంలో నేను ఉద్దేశపూర్వకంగా ఒక తప్పు నాటాను. అదేమిటో ఇప్పుడు చెప్పను. వాళ్ళు కనుక్కున్న వరసలోనే నువ్వూ కనుక్కో.

రెండు గంటలకు ల్యాబు. ఇరవై కంప్యూటర్లు, అందులో ఒకటి పనిచేయదు గనుక సరిగ్గా పంతొమ్మిది. మేడమ్ వెనక బెంచీలో, ఒళ్ళో జాబితా ఉన్న ఫైలు, చేతిలో పెన్ను. చీటీలు పంచాను. మొదటి సూచన: కొత్త ఫైలు తెరిచి దానికి 'రాండమ్' అని పేరు పెట్టండి. రెండో సూచన: ఈ మూడు వరసలూ ఎక్కించి నడపండి.

రెండూ పన్నెండుకు అందరూ మీట నొక్కారు. పద్దెనిమిది తెరల మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. రాండమ్ అనే పెట్టెలో మీరడిగిన పనిముట్టు లేదని వాటి సారాంశం.

చేతులు కీబోర్డుల మీది నుంచి ఒక్కొక్కటే ఒళ్ళోకి జారిపోయాయి. పొడుగు కుర్రాడు పక్కవాడితో, అనుకున్నా, మన మొహాలకి పాచిక కూడానా అన్నాడు. నేను చేతులు కట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను. జవాబు చెప్పలేదు. గంట పొడవునా చెప్పలేదు.

అప్పుడు కిటికీ పిల్ల, ఎవరితోనూ కాకుండా, నాకు నాలుగొచ్చింది అంది.

అందరూ తిరిగారు. మళ్ళీ నొక్కమన్నారు. రెండు పడింది. మళ్ళీ నొక్కితే ఆరు. ఆ కుర్చీ చుట్టూ జనం మూగారు. ఎక్కడో అక్షరం తేడా ఉండి ఉంటుందని కంఠస్థం కుర్రాడు తన తెర మీది మూడు వరసలూ చుక్కలతో, కుండలీకరణాలతో సహా అప్పజెప్పాడు. పొడుగువాడు ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి సరిచూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

అయితే మిషను మంచిదై ఉంటుంది, కిటికీ గాలి తగిలే మిషను కదా అన్నారెవరో. పరీక్షించారు. మా ల్యాబులో ఎవరి ఖాతా వాళ్ళది. ఏ కంప్యూటరు ముందు కూర్చుని లోపలికి వెళ్ళినా వాళ్ళ ఫైళ్ళే వస్తాయి. కిటికీ పిల్ల కంఠస్థం కుర్రాడి కుర్చీలో కూర్చుని తన ఖాతా తెరిచింది. పాచిక పడింది. వాడు ఆమె కుర్చీలో కూర్చుని తన ఖాతా తెరిచాడు. ఎర్ర అక్షరాలు. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే.

అక్కా, అప్పుడు ఆ గదిలో జరిగింది నీకు చెప్పగలనో లేదో. రాసింది ఒకటే. యంత్రమూ కారణం కాదు. లోపం మనిషి వెంట నడుస్తోంది. పొడుగువాడు నవ్వుతూ, అయితే రుజువైపోయిందర్రా, తప్పు మనలోనే ఉంది, మేడమ్‌గారి లిస్టు కరెక్టే అన్నాడు. కొందరు నవ్వారు. ఆ నవ్వు ఏడాదినుంచీ తయారుగా ఉన్న నవ్వు. వెనక బెంచీలో పెన్ను మూత తీసిన చప్పుడు వినబడింది.

బాబాయ్ ఒక్కడూ నవ్వలేదు. ఆయన రెండు కుర్చీల మధ్య నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు. ఉండండర్రా, మనిషి వెంట మనిషి బుద్ధే రానక్కర్లేదు, సంచీ కూడా వస్తుంది, ఈ పిల్ల సంచీలో ఏముందో మన సంచుల్లో ఏముందో ముందు తీసి చూడండి అన్నాడు. సంచీ అంటే ఖాతాలో ఫైళ్ళు ఉండే ఫోల్డరు. తెరిచారు. అందరి ఫోల్డర్లోనూ ఒకే ఒక ఫైలు, పేరు 'రాండమ్'. ఆ పిల్ల ఫోల్డర్లోనూ ఒకే ఒక ఫైలు, పేరు 'పిల్లి'.

చీటీలో మొదటి లైను చదవలేదా అని కంఠస్థం కుర్రాడు గదమాయించాడు. చదివాను, పిల్లి అని పెడితే ఏమవుతుందా అనిపించింది అందా పిల్ల.

పేరుకూ పాచికకూ సంబంధమేమిటి? గది మొత్తం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. అందరూ కుర్చీలకు పరుగెత్తి, తమ ప్రోగ్రామును కొత్త పేర్లతో దాచారు. కుక్క, చిలక, ఏనుగు. ఒకడు 'బాబాయ్' అని కూడా పెట్టాడు. నొక్కారు.

పద్దెనిమిది ఎర్ర తెరలు. ఏమీ మారలేదు. రెండూ ముప్పై అయిదు అయింది.

ఆ క్షణంలో పాఠం అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. పొడుగువాడు కుర్చీ వెనక్కి జరిపేశాడు కూడా. బాబాయ్ తన తెర ముందు కూర్చుని ఫోల్డరు మళ్ళీ తెరిచి, తనలో తాను గొణుక్కుంటున్నాడు. కొత్త ముల్లు బిగించావు సరే, పాతది పీకావా నాయనా అంటున్నాడు. ఫోల్డర్లో ఇప్పుడు రెండు ఫైళ్ళున్నాయి. కొత్త పేరుతో దాచినంత మాత్రాన పాతది పోదు కదా. ఆయన పాత 'రాండమ్' ఫైలును తీసేశాడు. నొక్కాడు. అయిదు పడింది.

ఆయన ఏమీ అరవలేదు. పక్కవాడి భుజం తట్టి, నీది కూడా పీకు అన్నాడంతే. అలా ఒక తెర నుంచి ఇంకో తెరకు, మూడు, ఒకటి, ఆరు, మళ్ళీ మూడు. పంతొమ్మిది తెరల మీద పంతొమ్మిది పాచికలు పడ్డాయి.

ఎందుకు అన్నది కంఠస్థం కుర్రాడు తేల్చాడు. రాండమ్‌ని రమ్మంటున్నాం, మిషను ఆ పెట్టె కోసం ఎక్కడో వెతికే ముందు మన సంచీలోనే చూస్తుంది, మన సంచీలో ఆ పేరుతో మన ఫైలే ఉంది, ప్రోగ్రాము తనని తానే పిలుచుకుని నీ దగ్గర పాచికుందా అని అడుగుతోంది, పాపం దాని దగ్గర ఏముంది అన్నాడు. వాడు ఏడాదిగా బట్టీపట్టిన పద్నాలుగు ప్రోగ్రాముల్లో ఈ సంగతి లేదు.

బాగానే ఉందనిపించింది అందరికీ, కిటికీ పిల్లకు తప్ప. ఆమె ఒప్పుకోలేదు. ఇది నిజమో, మనకి నచ్చిన కథో ఎలా తెలుస్తుంది అంది. నాది ఎప్పుడూ చెడలేదు కదా, దాన్ని చెడగొట్టి చూస్తాను, కథ నిజమైతే చెడాలి అంది. తన ఫోల్డర్లో 'రాండమ్' పేరుతో ఖాళీ ఫైలు ఒకటి పెట్టింది. అందులో ఒక్క అక్షరం లేదు. పిల్లిని నడిపింది. ఎర్ర అక్షరాలు. ఖాళీ ఫైలు తీసేసింది. రెండు పడింది. ఆ పిల్ల మొహం చూడాలి నువ్వు. ఇప్పుడు నమ్ముతాను అంది.

మూడయింది. అందరూ వెళ్ళాక మేడమ్ లేచి వచ్చారు. ఆ మొదటి సూచన కావాలనే పెట్టావా అని అడిగారు. అవును మేడమ్ అన్నాను. చాలా తెగింపున్న ప్లాను అన్నారు. జాబితా ఫైలును చంకలో పెట్టుకుని, ఇది ఇక బయటికి రాదులే, ట్యుటోరియల్ సెమిస్టరంతా నీదే, ఈ పద్ధతి మీద రెండు పేజీలు రాసి రేపు సాయంత్రంలోగా ఇవ్వు, మిగతా ట్యూటర్లకు పంచుతాను అన్నారు.

ఇప్పుడు ఆ రెండు పేజీలే రాస్తున్నాను. శీర్షిక పెట్టాను: 'ఉద్దేశపూర్వక దోష పద్ధతి'. కొంచెం బరువుగా ఉంది గానీ, అధ్యాపకులకు బరువు ఇష్టం. నీ పది గజాల సిద్ధాంతానికి పాదసూచికలో కృతజ్ఞత చెబుతాను, హద్దు అంతవరకే.

ఇట్లు,
గెలిచిన పక్షం నుంచి,
నీ చెల్లి

తా.క. ఈ ఉత్తరం మధ్యాహ్నమే రాశాను. పంపలేదు. ఇప్పుడు సాయంత్రం అయిదున్నర. పైన ఒక్క వాక్యం అబద్ధం. మిగతా భవనమంతా దాని మీదే కట్టాను.

నేను ఏ తప్పూ నాటలేదు. బుధవారం పోటీకి వెళుతూ చీటీలు ముద్రించడానికి ల్యాబు దగ్గర ఆగితే, అక్కడి అసిస్టెంటు, అందరి ఫైళ్ళకీ ఒకే పేరు పెట్టించమ్మా, ఎవరికి తోచింది వాళ్ళు పెడితే తర్వాత నేను ఏరుకోలేక చస్తాను అన్నాడు. గుర్తుండే పేరు ఏముందా అని అర నిమిషం ఆలోచించి, పెట్టె పేరే పెట్టాను. ఆ పేరుతో ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. వ్యవధి లేదనేది వాదన. చూడాలని తోచలేదనేది నిజం.

జవాబు చెప్పలేదని రాశాను. నాకు జవాబు తెలియదు, అందుకని చెప్పలేదు. లోపం మనిషి వెంట నడుస్తోందని తేలినప్పుడు, పొడుగువాడు లిస్టు కరెక్టే అన్నప్పుడు, అక్కా, ఒక పావు నిమిషం నేను కూడా నమ్మాను. వాళ్ళ పక్షాన వాదించిన నేను. అది అన్నిటికంటే అవమానం.

రెండు పేజీల్లో మొదటి వాక్యం 'ట్యూటరు ముందుగా తప్పును ఎంచుకోవలెను' అని రాసి, రెండో వాక్యం దగ్గర గంట కూర్చున్నాను. కలం సాగలేదు. నాలుగింటికి మేడమ్ గదికి వెళ్ళి ఉన్నది చెప్పాను. సంతకానికి ఇంకా సమయం ఉందని, నా నోటి నిజం వల్ల ఆ పంతొమ్మిది మందీ పోతారేమోనని మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను కూడా. ఆవిడ విని, నీ ప్లాను చూసి ఆపాననుకున్నావా ఆ కాగితం అన్నారు. పనిచేస్తున్నదాన్ని చెడగొట్టి చూస్తానంది చూడు ఆ పిల్ల, అప్పుడే ఫైలు మూసేశాను అన్నారు. నా అబద్ధం ఎవరికీ అక్కరకు రాలేదు, నాకు తప్ప. రెండు పేజీలు మాత్రం రాయి, ఉన్నది ఉన్నట్టు రాయి, అయినా నాకు చెప్పడం సులువేలే, వాళ్ళకు చెప్పు అని కంప్యూటరు వైపు తిరిగారు.

పద్దెనిమిది మందికి వచ్చే గురువారం ట్యుటోరియల్లో చెబుతాను. ఒక్కరితో మొదలుపెడదామని బాబాయ్ కొట్టుకు వెళ్ళాను. కంటికి అద్దం తగిలించుకుని ఏదో చేతిగడియారం లోపల చూస్తున్నాడు. చెప్పాను. తల ఎత్తలేదు. మాకు అక్కడే తెలిసిందమ్మా అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. తెలిసినవాళ్ళెవరూ అంత ఇదిగా చూడరు, ఆ పిల్ల ఖాళీ ఫైలు పెట్టి నొక్కుతుంటే మా అందర్నీ తోసుకుని నీ తలే తెరకి అడ్డం పెట్టావు, నేను పక్కకి జరగమ్మా అని రెండుసార్లు అన్నాను, నీకు వినబడలేదు అన్నాడు.

చేతులు కట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డానని పైన రాశాను కదా. అది కూడా కొట్టెయ్.